పళ్లికరణై: పోరంబోకు నుంచి పక్షుల తావు దాకా

చెన్నై ఓఎంఆర్‌లో (పాత మహాబలిపురం రోడ్డులో) ఉద్యోగాలకొచ్చి పెరుంబాక్కం, మేడవాక్కం, షోలింగనల్లూరుల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లు చాలామందే. సెలవు రోజు తెల్లారకముందే పిల్లల్ని వెంటేసుకుని, బైనాక్యులర్లు పట్టుకుని పళ్లికరణై చిత్తడి నేలకు పక్షుల కోసం వెళ్లేవాళ్లూ వీళ్లలో ఉన్నారు. మంచి అలవాటే. అయితే అక్కడ ఎంత పోయాక ఇంత మిగిలిందో కూడా పిల్లలకు చెప్పాలి.

దక్షిణ చెన్నైలో సుమారు 250 చదరపు కిలోమీటర్ల మేర కురిసిన వాన, పదుల కొద్దీ చెరువులు నింపుకుంటూ ఇక్కడికే చేరుతుంది. కొన్నాళ్లు నిలిచి, ఒక్కియం మడువు అనే నీటి పాయ మీదుగా బకింగ్‌హామ్ కాలువలో కలిసి, కోవళం దగ్గర సముద్రంలోకి పోతుంది. 1960ల మధ్యలో ఈ చిత్తడి 5,500 హెక్టార్ల దాకా ఉండేదని అంచనా. రెవెన్యూ లెక్కల్లో మాత్రం అది పోరంబోకు. ఆ ముద్రే కొంప ముంచింది. 1980లలో నగరపాలక సంస్థ పెరుంగుడి వైపు చెత్త పోయడం మొదలుపెట్టింది. పక్కనే మురుగునీటి శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ తర్వాత రైలు మార్గం, ప్రభుత్వ సంస్థల భవనాలు, ఐటీ కంపెనీలు వరసకట్టాయి. పల్లావరం–తొరైపాక్కం రోడ్డు చిత్తడిని నడిమికి చీల్చింది. కబ్జాలూ లేకపోలేదు. కానీ పెద్ద నష్టమంతా సంతకాలు, స్టాంపులు సక్రమంగా ఉన్న పనులవల్లే జరిగింది.

చెత్తదిబ్బ పొగ భరించలేక చుట్టుపక్కల కాలనీలవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. జయశ్రీ వెంకటేశన్ లాంటి పరిశోధకులు ఇక్కడి మొక్కల్ని, పక్షుల్ని, నీటి దారుల్ని నమోదు చేసి ప్రభుత్వం ముందు పెట్టారు. 2007లో 317 హెక్టార్లు రిజర్వు ఫారెస్టు అయ్యాయి. 2022లో 1,247 హెక్టార్లకు, అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు దక్కింది. 2025లో జయశ్రీకి రామ్‌సర్ అవార్డు వచ్చింది.

నేలపట్టులో చెట్ల నిండా గూడబాతుల గూళ్లు చూసిన నెల్లూరువాళ్లకు ఇక్కడ చెట్లు పెద్దగా లేకపోవడం లోటుగా అనిపిస్తుంది. నాలుగు మొక్కలు నాటి వెళదామని కూడా అనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. జమ్ము, తుంగ, బయలు నీరు ఉంటేనే ఇది చిత్తడి. తుంగ దుబ్బుల్లో ఊదారంగు నీటికోడిని గమనించండి: దుంప దగ్గర లేత కాడను ముక్కుతో పీకి, పొడవాటి వేళ్లతో పిడికిట్లో పట్టుకుని, నోటి దాకా ఎత్తి కొరుక్కుతింటుంది. దాని బతుకంతా ఆ దుబ్బుల్లోనే. అందుకే ఇక్కడ ప్రకృతిని తిరిగి నిలబెట్టడమంటే ముందు తీసేసే పనులే: గుర్రపు డెక్క తీయడం, సర్కారు తుమ్మ కొట్టేయడం, పూడిక ఎత్తడం, పాత చెత్తను తవ్వి వేరుచేసి నేల ఖాళీ చేయడం. ఆ తర్వాత నీరు వచ్చిపోయేలా చూస్తే చాలు, మిగతాది చిత్తడే చూసుకుంటుంది.

నీటికి తావు లేకపోతే ఏమవుతుందో 2015 వరదల్లో, మళ్లీ 2023 డిసెంబరు మిగ్‌జాం తుపానప్పుడు మన అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోనే చూశాం. 2025లో జాతీయ హరిత ట్రిబ్యునల్, చిత్తడి ప్రభావ పరిధి (చుట్టూ ఎంత మేర జరిగే పనులు చిత్తడిని దెబ్బతీయగలవన్నది) ఎంతో తేలేదాకా రామ్‌సర్ హద్దులోనూ, దాని చుట్టూ కిలోమీటరు లోపలా కొత్త నిర్మాణాలకు అనుమతులివ్వొద్దని చెప్పింది. ఈఎంఐలు కట్టుకుంటున్న మనవాళ్లకు ఇది టెన్షనే, కాదనను. ఆదుకోవాల్సింది ప్రభుత్వమూ, బిల్డర్లూ. అలాగని ఆ పరిధి హద్దును మాత్రం కుదించకూడదు. అన్ని వైపులా ఒకే కిలోమీటరు అని గీసినా సరిపోదు. పైనున్న చెరువుల నుంచి ఒక్కియం మడువు దాకా నీరు నడిచే దారినిబట్టి దాన్ని గీయాలి.