కానలెట్టో వెనిస్ చిత్రాలు: అపోహలు - వాస్తవాలు

పాత ఇటాలియన్ చిత్రకారుల పద్ధతిలో వెనిస్ కాలువలను తైలవర్ణాలతో చిత్రించడం నా వృత్తి. ఆ నగరంలోనే పుట్టి, దాన్నే ఎక్కువగా చిత్రించిన కానలెట్టో (1697–1768) గురించి నా చిత్రాలు చూడవచ్చినవారు అడిగే ప్రశ్నల వెనుక తరచూ కొన్ని అపోహలే కనిపిస్తుంటాయి.

అపోహ: ఆయన కెమెరా అబ్‌స్క్యూరాతో దృశ్యాన్ని దిద్దుకున్నాడు, కాబట్టి ఆ చిత్రాలు ఫొటోలతో సమానం.

వాస్తవం: కటకం గుండా దృశ్యాన్ని కాగితం మీద పడేలా చేసే ఆ చీకటి పెట్టె అప్పటి చిత్రకారులకు తెలుసు, ఆయన పేరున్న పెట్టె ఒకటి వెనిస్‌లోని కొర్రెర్ మ్యూజియంలో ఉంది కూడా. అయితే చిత్రాలను అక్కడి కట్టడాల పక్కన పెట్టి చూస్తే, ఒకే చోట నిలబడి చూడలేని భవనాలను వేర్వేరు చోట్ల గీసుకున్న చిత్తు రేఖల ఆధారంగా ఆయన ఒకే దృశ్యంలోకి తెచ్చాడనీ, కూర్పు కోసం కట్టడాలను అటూ ఇటూ జరిపాడనీ అర్థమవుతుంది. రంగస్థలానికి తెరలు చిత్రించే తండ్రి దగ్గర పని నేర్చినవాడికి, చదునైన గుడ్డ మీద లోతును పుట్టించడం పెట్టె నేర్పవలసిన విద్య కాదు. అలాగని అంతా కల్పన అనుకోకూడదు. గోడల మీద నీటి అంచున ఆయన చూపిన పచ్చని పాచి చారను నేటి చారతో పోల్చి, నగరం అర మీటరుకు పైగా నీటిలోకి దిగిందని పరిశోధకులు లెక్కకట్టారు. భవనాన్ని జరపడానికి వెనుకాడని మనిషి పాచి విషయంలో అంత నిజాయితీగా ఉండటం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది.

అపోహ: పాత చిత్రమంటే పసుపు, గోధుమ ఛాయల్లో మసకగా ఉండాలి.

వాస్తవం: ఆ మసక చాలావరకు కాలక్రమంలో పసుపెక్కిన వార్నిష్‌ది, చిత్రకారుడిది కాదు. కానలెట్టో తొలినాళ్లలో ఎరుపు కలిసిన గోధుమరంగు మూలపూత మీద పనిచేసినా, తరువాత లేత పూతకు మారాడు. బెర్లిన్‌లో 18వ శతాబ్దం ఆరంభంలో తయారై అప్పటికి కొత్తగా ఉన్న ప్రష్యన్ బ్లూ అనే ముదురు నీలిరంగును వాడాడు. పాతదనం కోసం పైన గోధుమరంగు పులమమని అడిగేవారిని నేను మర్యాదగానే తిప్పి పంపుతాను.

అపోహ: పలుచని పారదర్శక పొరలు పదుల సంఖ్యలో వేస్తేనే నీటికి ఆ మెరుపు వస్తుంది.

వాస్తవం: కానలెట్టో కాలువ నీటిని దగ్గరగా చూడండి. ఆరిన రంగు మీద వంపు తిరిగిన చిన్న తెల్లని గీతలు వరుసగా కనిపిస్తాయి; మనుషులు కూడా చాలాచోట్ల చిక్కటి రంగుతో పెట్టిన చుక్కలే. పొరల సంఖ్య కంటే వాటి వరుస ముఖ్యం. తైలవర్ణాల్లో ఉండే అవిసె నూనె నీరులా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అందుకే నూనె తక్కువగా ఉన్న పొర కింద, ఎక్కువగా ఉన్నది పైన ఉండాలి. ఒకసారి ప్రదర్శనకు గడువు దగ్గరపడిందని ఈ వరుస తప్పి, కింది పొర పూర్తిగా ఆరకముందే పై పొర వేశాను. కొన్నాళ్లకు వెనిస్ ప్రధాన కాలువైన గ్రాండ్ కెనాల్‌ను చూపిన ఆ చిత్రం ఎండిన చెరువులా బీటలు వారింది.