చెక్క చక్రాల కారు గురించి తాతయ్య ఉత్తరం

బుజ్జమ్మా, చిన్నోడా,

అమెరికాలోని రీనో కార్ల మ్యూజియంలో మీరు తీసి పంపిన థామస్ ఫ్లయర్ అనే పాతకాలపు కారు ఫొటో ఇప్పటికి పదిసార్లు చూసుంటాను. "తాతయ్యా, కారుకి ఎడ్లబండి చక్రాలు పెట్టారేంటి?" అని బుజ్జమ్మ అడిగింది. "విరిగితే కొత్తవి కొనుక్కోవచ్చుగా" అన్నాడు చిన్నోడు. ఫోన్‌లో అయితే హడావిడిగా చెప్పేస్తానని కాగితం మీద పెట్టాను.

ఆ కారు పందెంలో 1908 ఫిబ్రవరి 12న న్యూయార్క్‌లో బయలుదేరి జులై 30న పారిస్ చేరింది. మధ్యలో సముద్రాలు ఓడెక్కి దాటింది. మిగతాదంతా మంచు, బురద, సైబీరియా దారులు. 169 రోజులు ఆ బరువు మోసింది చెక్క చక్రాలే.

అయితే అవి మన బండి చక్రాలు కావర్రా. మీ ముత్తాత చేసే చక్రానికి నడుమ ఇరుసు దూరే తుమ్మకర్ర కుండ ఉండేది. దానికి తొలిచిన బెజ్జాల్లో ఆకులు దిగ్గొట్టేవారు. ఆకులంటే మీరు స్పోక్స్ అంటారే, అవి. కారు చక్రానికి చెక్క కుండ ఉండదు. ఒక్కో ఆకు మొదలునీ చీలికలా చెక్కుతారు. అన్నీ కలిస్తే బత్తాయి తొనల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడతాయి. అటూ ఇటూ ఇనప బిళ్లలు పెట్టి బోల్టులు బిగిస్తారు. ఫిరంగి బళ్లకు వాడిన పద్ధతి కాబట్టి దీన్ని ఆర్టిలరీ వీల్ అంటారు.

ఇక చిన్నోడి ప్రశ్న. అలాంటి అరుదైన కారుకి చక్రం ఏ కొట్లోనూ దొరకదు. ఆ రోజుల్లో ఆకుల లెక్క, లావు, బోల్టుల మధ్య దూరం ఒక్కో కంపెనీవి ఒక్కో రకం. థామస్ కంపెనీ మూతపడి వందేళ్లు దాటింది. అందుకే పాత చక్రంలో చెడకుండా మిగిలిన ఒక్క ఆకును నమూనాగా పెట్టుకుని, ఆ కొలతకే మిగతావన్నీ చెక్కుతారు. అమెరికాలో దీనికి హికరీ కర్ర వాడతారు. గొడ్డలి కాములకు వాడేది అదే, ఎంత దెబ్బనైనా ఓర్చుకుంటుంది. కర్ర ఈనె అడ్డం తిరిగి ఉంటే ఆకు అక్కడే విరుగుతుంది. అంగుళం మందానికి ఏడాది చొప్పున నీడన ఆరబెట్టడం పాత లెక్క.

నాకు బాగా నచ్చేది బిగించే ఘట్టం. ఆకుల కొసలు బయటి వలయంలో పెట్టి, మొదళ్లు నడుమ ఒకచోటికి చేరిస్తే చక్రం బల్లపరుపుగా ఉండదు, చిన్న గుడిసె కప్పులా పైకి లేచి ఉంటుంది. నొక్కే యంత్రం, అదే ప్రెస్, కింద పెట్టి నడుమ నొక్కుతారు. మొదళ్లన్నీ ఒక్కసారిగా కిందికి దిగి బిగుసుకుంటాయి. జిగురు లేదు, మేకు లేదు. ఆ బిగువే చక్రానికి ప్రాణం.

చిన్నప్పుడు నేనొక తప్పు చేశాను. మా బండి చక్రం కిర్రుమంటుంటే నీళ్లలో నానబెడితే బిగుస్తుందని ఎవరో చెప్పారు. రెండు రోజులు చెరువులో పడేశాను. నిజంగానే బిగిసింది! మీ ముత్తాత చూసి, "ఉబ్బిన కర్రకు చోటు చాలక తనను తానే నలుపుకుంటుందిరా, ఆరాక చూడు" అన్నారు. నెల తిరక్కుండానే ఆకులు మునుపటికంటే వదులై కదిలాయి. పాత కారు చక్రాన్నీ కొందరు ఇలాగే నానబెడతారు. ఆ చక్రంతో రోడ్డెక్కడం ప్రాణాలతో చెలగాటం. వదులైన కర్రను మార్చాల్సిందే.

రిమ్ము సంగతీ అంతే. ఆ కాలపు టైరు అంచు రిమ్ము పెదవిలో ఇరుక్కుని, గాలి బిగువుతో నిలబడేది. ఆ పెదవి తుప్పుతో తరిగిపోతే టైరు ఊడొస్తుంది.

ఈసారి మ్యూజియానికి వెళ్తే చక్రం నడుమ దగ్గరగా ఫొటో తీయండి, ఆకుల మొదళ్లు కలిసేచోట. ఎన్ని ఆకులో లెక్కపెట్టి రాయండి. వేసవికి మీరొచ్చేసరికి అటక మీదున్న ముత్తాతగారి బాడిస దించి, పదును పెట్టించి ఉంచుతాను.

మీ తాతయ్య