పెట్టె వెంట వచ్చిన నల్లి

అమెరికాలోనో బ్రిటన్‌లోనో పెరట్లో రెండు మూడు తేనెటీగల పెట్టెలు పెట్టుకున్నవాళ్లు సీజన్‌లో నెలకోసారి ఒక పని చేస్తారు. పిల్లలున్న ఫ్రేము బయటికి తీసి, రాణి ఈగ దాని మీద లేదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, అరకప్పు ఈగల్ని సీసాలోకి దులుపుతారు. అరకప్పంటే సుమారు 300 ఈగలు. జల్లెడ మూత బిగించి, పైనుంచి పంచదార పొడి చల్లి, సీసాను మెల్లగా దొర్లించి కాసేపు నీడలో ఉంచుతారు. తర్వాత తెల్ల పళ్లెం మీద బోర్లించి గట్టిగా కుదిపితే, పొడితో పాటు ముదురు ఎరుపు చుక్కలు రాలతాయి. అవి ఈగల్ని పట్టి పీడించే నల్లులు. చిన్న ఆవగింజను వేలితో అదిమినట్టుంటాయి. తొమ్మిది రాలాయంటే నూటికి మూడు. ఇక మందు వేయక తప్పదు. నూటికి రెండు వచ్చినా ఆగొద్దంటారు ఇప్పుడు చాలామంది.

పంచదారకు బదులు ఆల్కహాల్ వాడితే లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది. కానీ ఆ 300 ఈగలూ చస్తాయి. అందుకు మనసొప్పక లెక్కే మానేసి, చివరికి పెట్టెకు పెట్టే పోగొట్టుకునేవాళ్లూ ఉంటారు.

ఆ చుక్క పేరు వరోవా. నల్లి అనగానే మనకు మంచంలో నల్లి గుర్తొస్తుంది గానీ, ఇది బెండకు పట్టే ఎర్రనల్లి కోవలోది. ఎనిమిది కాళ్లది, సాలీడుకు దూరపు చుట్టం. జావా దీవిలో ఎడ్వర్డ్ జాకబ్‌సన్ సేకరించిన నమూనాలను చూసి 1904లో డచ్ శాస్త్రవేత్త ఔడెమాన్స్ దీన్ని తొలిసారి వర్ణించాడు. తేనెటీగల గురించి రాసిన ప్రాచీన రోమన్ పండితుడు వర్రో పేరు పెట్టాడు. దొరికింది ఆసియా తేనెటీగ పట్టులో. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టుపెట్టే మన పుట్ట తేనెటీగదీ ఆ జాతే.

ఆ ఈగకూ ఈ నల్లికీ పాత పరిచయం. అక్కడ నల్లి దాదాపుగా పోతు ఈగల గదుల్లోనే సంతానాన్ని పెంచుకుంటుంది, కూలి ఈగల జోలికి పోదు. నల్లి పట్టిన పిల్లల్ని ఈగలే పీకి పారేస్తాయి. బాగా నీరసించిన పోతు ఈగ మూత చీల్చుకుని రాలేకపోతే, నల్లులతో సహా ఆ గదిలోనే సమాధి అవుతుంది. ఏడాదిలో కొంత కాలమే ఉండే పోతు ఈగల మీద నల్లి ఎంతని పెరుగుతుంది? పట్టు బతుకుతుంది, నల్లీ బతుకుతుంది.

గొడవంతా మనుషులు పెట్టెలు మోయడంతో మొదలైంది. తేనె ఎక్కువిచ్చే ఐరోపా తేనెటీగను ఉక్రెయిన్ వైపు నుంచి వలసపోయినవాళ్లు రష్యా తూర్పు కొస దాకా తీసుకుపోయారు. సైబీరియా రైలుమార్గం పడ్డాక ఆ రవాణా ఇంకా సులువైంది. జపాన్‌లోనూ ఈ ఈగను పెంచడం మొదలుపెట్టారు. రెండు జాతులూ పక్కపక్కన చేరేసరికి నల్లి ఇల్లు మారింది. 20వ శతాబ్దం మధ్యకల్లా ఆ మార్పు స్థిరపడింది.

కొత్త ఇంట్లో దానికి అడ్డే లేదు. గదికి మైనం మూత పడబోయే ముందు తల్లి నల్లి లోపలికి దూరి, పిల్లకు పెట్టిన మేత అడుగున నక్కుతుంది. మూత పడ్డాక ముందు ఒక మగ గుడ్డు, తర్వాత వరసగా ఆడ గుడ్లు. కూలి ఈగ గదికి మూత సుమారు 12 రోజులుంటుంది, పోతు ఈగకు 14-15. ఆ రెండు మూడు రోజులే నల్లికి లాభం, అందుకే ఇక్కడా పోతు గదులే మొదటి ఎంపిక. కానీ ఐరోపా ఈగలో కూలి గదుల్లోనూ కాపురం సాగుతుంది. నల్లి రక్తం తాగుతుందనే అందరూ అనుకునేవారు. పెద్ద ఈగ మీద ఉన్నప్పుడు ప్రధానంగా తినేది దాని ఒంట్లోని కొవ్వు కణజాలాన్నని 2019లో శామ్యూల్ రామ్‌సే బృందం చూపించింది. పైగా వైరస్‌లను ఎక్కిస్తుంది. నలిపిన కాగితంలాంటి రెక్కలతో ఈగలు పెట్టె ముందు పాకుతున్నాయంటే చాలా ఆలస్యమైనట్టే.

నల్లి ఒక్కో దేశానికీ పాకింది: 1970లలో ఐరోపా, 1987లో అమెరికా, 1992లో బ్రిటన్, 2000లో న్యూజిలాండ్. ఆ 2000లోనే డెనిస్ ఆండర్సన్, ట్రూమన్ మరో సంగతి తేల్చారు: ఇన్నాళ్లూ జావా నల్లి అనుకున్నది అసలు అది కాదు, వేరే జాతి. దానికి డిస్ట్రక్టర్ అని పేరు పెట్టారు. దాదాపు వందేళ్ల నాటి పేరుతో వేరే శత్రువును పిలుస్తూ వచ్చామన్నమాట. చివరిదాకా నిలిచిన పెద్ద దేశం ఆస్ట్రేలియా. 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర నిఘా పెట్టెల్లో నల్లి బయటపడింది. వేల పెట్టెలు నాశనం చేశారు, అడవి ఈగలకు విషపు ఎర పెట్టారు. 2023 సెప్టెంబర్‌లో నిర్మూలన వదిలేసి, దాంతోనే బతకడం నేర్చుకుందామన్నారు.

మందుల కథ రైతులకు కొత్తేమీ కాదు. 1980ల చివర్లో ఫ్లువాలినేట్ అనే మందు పూసిన పట్టీలు వచ్చాయి. ఫ్రేముల మధ్య వేలాడదీస్తే నల్లులు జలజలా రాలాయి. పట్టీ ఖరీదెక్కువని పొలం మందులో చెక్కముక్కలు నానబెట్టి పెట్టినవాళ్లున్నారు. నెలల తరబడి పట్టీలు తీయనివాళ్లూ ఉన్నారు. పదేళ్లు తిరక్కుండానే నల్లి ఆ మందుకు తట్టుకుంది, మందేమో మైనంలో పేరుకుపోయింది. తర్వాత వచ్చిన కౌమాఫాస్‌దీ అదే దారి. లెక్క చూడకుండా ఏటా అలవాటుగా మందు పెట్టడం వల్లే ఇంత దూరం వచ్చిందని నా అభిప్రాయం. సీసా, పంచదార పొడి పట్టుకోవడానికి ఈ అనుభవమే కారణం.

ఇప్పుడు ఆమ్లాల వైపు మళ్లారు. ఆక్జాలిక్ ఆమ్లం మూతపడ్డ గదిలోకి పోదు. చలి దేశాల్లో శీతాకాలం పిల్లలుండవు కాబట్టి అప్పుడు బాగా పనిచేస్తుంది. ఫార్మిక్ ఆమ్లం ఆవిరి మూత దాటిపోతుంది గానీ, 30 డిగ్రీల పైన ఎండ ఉంటే రాణికే ప్రమాదం. మన దగ్గర దాదాపు ఏడాదంతా పిల్లలే, ఏడాదిలో చాలా రోజులు ఎండే. విదేశీ క్యాలెండర్‌ను ఇక్కడ తగిలిస్తే లాభం లేదు.

మన దేశంలో ఐరోపా తేనెటీగ నిలదొక్కుకున్నది 1960ల మొదట్లో, నగ్రోటా బగ్వాన్‌లో. ఇప్పుడది హిమాచల్‌లో ఉంది. ఇక్కడ ఆ ఈగకు ఇంకో నల్లి కూడా తగులుకుంది: ట్రోపిలేలాప్స్. అది మన కొండ తేనెటీగది, పెద్ద చెట్లకూ బండలకూ వేలాడే పట్టుది. వరోవా కంటే సన్నం, నడక చురుకు, పెరగడం ఇంకా వేగం. కాకపోతే పెద్ద ఈగ మీద మేయలేదు, పిల్లలు లేకపోతే కొద్ది రోజుల్లో చస్తుంది. అందుకే రాణిని కొన్నాళ్లు పంజరంలో పెట్టి గుడ్లు ఆపిస్తే దాని పీడ చాలా వరకు వదులుతుంది. అదిప్పుడు జార్జియా దేశం దాకా చేరింది. దీన్ని పట్టుకోవడానికి పంచదార సీసా పెద్దగా అక్కరకు రాదు. ఈగల్ని దులిపేసి, ఫ్రేము అంచును పళ్లేనికేసి కొట్టాలి. రాలిన సన్నటి ఎర్ర గింజలు పరిగెత్తేలోపే లెక్కపెట్టాలి.