స్వయం నిర్వహణ నెట్‌వర్కులు: ప్రమాణాల పరిధిపై అపోహలు – వాస్తవాలు

తనను తానే అమర్చుకుని, చెడితే తానే బాగుచేసుకునే వ్యవస్థ గురించి మా రంగంలో మాటలు పాతవే. 2001లో ఐబీఎం దీన్ని కంప్యూటింగ్ మొత్తానికీ ఒక పెద్ద లక్ష్యంగా ముందుకు తెచ్చింది. ఇంటర్నెట్ ప్రోటోకాళ్లను రూపొందించే ఐఈటీఎఫ్‌లో మాత్రం నెట్‌వర్కుల కోసం ఇలాంటి వర్కింగ్ గ్రూప్ ఏర్పడేసరికి 2014 చివరికొచ్చింది. దాని పేరు అనిమా. ఆ బృందం ఏం చేసిందన్నదాని కంటే, ఏం చేయబోమని ముందే గిరి గీసుకుందన్నదే నాకు ఎక్కువ ఆసక్తి. మా వాళ్లలో కూడా ఎక్కువ అపోహలు ఆ గిరి గురించే.

అపోహ: పరిధి ఎంత విశాలమైతే ప్రమాణం అంత గొప్పది.

2014 జులైలో టొరంటోలో జరిగిన ఐఈటీఎఫ్ సమావేశంలో, స్వయం నిర్వహణ ఎక్కడెక్కడ పనికొస్తుందో చర్చించారు. ఇలాంటి చర్చలో జాబితాకు అంతుండదు: చిరునామాల పంపిణీ, లోపాల గుర్తింపు, భద్రత, లోడ్ సర్దుబాటు... ప్రతి కంపెనీకీ తనదైన ముద్దుబిడ్డ ఒకటి ఉంటుంది. బృందం పని పరిధిని చెప్పే పత్రం, అంటే చార్టర్, రాసేటప్పుడు ఆ జాబితాను దాదాపు పక్కన పెట్టేశారు. వృత్తి నిపుణులు నడిపే నెట్‌వర్కులు మాత్రమే, అంటే ఆపరేటర్లవీ పెద్ద సంస్థలవీ తమ పని అన్నారు. ఇళ్లలోని నెట్‌వర్కుల కోసం అప్పటికే 2011 నుంచి హోమ్‌నెట్ అనే వేరే బృందం ఉంది.

చివరికి మిగిలినవి మూడే పునాది పనులు. కొత్త పరికరం నెట్‌వర్కులోకి సురక్షితంగా ఎలా చేరాలి? పరికరాల మధ్య నిర్వహణ సమాచారం ఏ దారిలో నడవాలి? అవి ఒకదాన్నొకటి కనుగొని బేరసారాలు ఎలా ఆడాలి? ఈ పునాది నిలుస్తుందో లేదో పరీక్షించడానికి రెండు ఉదాహరణలు మాత్రం తీసుకున్నారు. ఒకటి నిర్వహణ సంబంధం తెగకుండా చూడడం, రెండోది ఐపీవీ6 ప్రిఫిక్సుల, అంటే కొత్త తరం ఇంటర్నెట్ చిరునామాల గుంపుల, పంపిణీ. ఇంత తగ్గించుకున్నా కీలక పత్రాలు ఆర్‌ఎఫ్‌సీలుగా (ఐఈటీఎఫ్ ప్రమాణాలు వెలువడే నంబరు పత్రాలు) వెలువడడానికి 2021 మే దాకా పట్టింది. ఆ జాబితా మొత్తం నెత్తికెత్తుకుని ఉంటే ఇంకా చర్చలే నడుస్తుండేవని నా అభిప్రాయం.

అపోహ: ఏఐ లేకుండా స్వయం నిర్వహణ ప్రమాణం ఏమిటి?

అనిమా ప్రోటోకాళ్లలో మెషీన్ లెర్నింగ్ ఊసే లేదు. పరిధి తేల్చడానికి నేను వాడే ప్రశ్న ఒక్కటే: రెండు వేర్వేరు కంపెనీల రౌటర్లు కలిసి పనిచేయాలంటే ఈ విషయంలో ఒప్పందం తప్పనిసరా? సందేశం ఎలా ఉండాలి, ఎవరిని నమ్మాలి అన్నవాటికి తప్పనిసరి. రౌటర్ లోపల నిర్ణయం ఏ లెక్కతో తీసుకుంటుందన్నది కంపెనీల పోటీకి వదిలేయాల్సిన సంగతి. పరికరాలు బేరమాడుకునే గ్రాస్ప్ ప్రోటోకాల్ (ఆర్‌ఎఫ్‌సీ 8990) సరిగ్గా ఈ హద్దు మీదే నిలబడింది. కనుగొనడం, విలువలను సమన్వయం చేయడం, బేరమాడడం ఎలాగో అది చెబుతుంది. ఎంతకు బేరం కుదుర్చుకోవాలో చెప్పదు.

అపోహ: దూరం నుంచి పరికరంలోకి లాగిన్ కావడానికి ఎస్‌ఎస్‌హెచ్ ఉండగా నిర్వహణకు మరో దారి పరిధిలోకి ఎందుకు?

నన్నడిగితే మొత్తం ప్రయత్నంలో ఎక్కువ విలువైన భాగం ఇదే. మనం సరిచేయాల్సిన నెట్‌వర్కు మీదుగానే దాన్ని సరిచేయడానికి లాగిన్ అవుతాం. తాళంచెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్‌లో నిర్వహణ పనుల్లో ఇచ్చిన ఒక ఆదేశం బ్యాక్‌బోన్‌ను, అంటే డేటా సెంటర్లను కలిపే ప్రధాన నెట్‌వర్కును, తెంపేసింది. ఇంజినీర్లకు మామూలు దారితో పాటు ప్రత్యేకంగా ఉంచుకున్న దారి కూడా అందలేదు, మనుషులు డేటా సెంటర్లకు వెళ్లాల్సి వచ్చింది. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ సంస్థ కోర్ నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు, నిర్వహణ నెట్‌వర్క్ కూడా ఆ కోర్ మీదే ఆధారపడి ఉందని తేలింది.

అనిమా రూపొందించిన ఏసీపీ (ఆర్‌ఎఫ్‌సీ 8994) అనే ప్రత్యేక నిర్వహణ దారి ఇందుకోసమే. పక్కపక్క పరికరాలు సర్టిఫికెట్లతో ఒకదాన్నొకటి గుర్తుపట్టి, ఎవరూ కాన్ఫిగర్ చేయకుండానే గుప్తీకరించిన దారులు కట్టుకుంటాయి. వాటి ఐపీవీ6 చిరునామాలు వేరు, ఏ సమాచారం ఏ దారిన వెళ్లాలో చెప్పే రూటింగ్ పట్టిక వేరు. మనం డేటా వైపు రూటింగ్‌ను చెడగొట్టుకున్నా ఈ దారి బతికే ఉండాలన్నది ఉద్దేశం. ఇది ఉంటే పై రెండు ఘటనలూ జరిగేవి కావని మాత్రం నేను అనను. ఏసీపీ నడిచేది అవే తీగల మీద, అవే పెట్టెల్లో. కేబుల్ తెగినా, రౌటర్ ప్రాసెసర్ ఊపిరాడక ఆగిపోయినా అదీ పోతుంది.

అపోహ: మనిషి చేతులు పెట్టనక్కర్లేకుండా కొత్త పరికరం చేరడమంటే భద్రతను సడలించడమే.

తలకిందులుగా ఉంది ఈ మాట. ఈ చేరిక కోసం అనిమా రాసిన బ్రస్కీ ప్రోటోకాల్‌లో (ఆర్‌ఎఫ్‌సీ 8995) కొత్త పరికరం తయారీదారు ఇచ్చిన గుర్తింపు సర్టిఫికెట్‌తో వస్తుంది. ‘ఈ పరికరం ఫలానా నెట్‌వర్కును నమ్మవచ్చు’ అంటూ తయారీదారు సర్వరు సంతకం చేసిన వోచర్ అందాకే చేరుతుంది. అంటే నెట్‌వర్క్ పరికరాన్ని, పరికరం నెట్‌వర్కును, ఇద్దరూ తనిఖీ చేసుకుంటారు. డిఫాల్ట్ పాస్‌వర్డుతో రాక్‌లో బిగించే మన అలవాటు కంటే ఇది ఎంతో గట్టిది. నాకున్న అభ్యంతరం వేరు. తయారీదారు మూతపడితే ఏమిటి? పరికరాన్ని వేరొకరికి అమ్మితే? ఇలాంటి చిక్కులున్నాయని ఆ ఆర్‌ఎఫ్‌సీయే దాచకుండా రాసింది, కానీ కొనేవాళ్లు ఆ పేజీల దాకా వెళ్లరు.

స్క్రిప్టులతో ఇదంతా ఎప్పుడో చేస్తున్నాం అనేవాళ్లకూ జవాబు ఇక్కడే ఉంది. పరికరానికి చిరునామా, లాగిన్ వచ్చాకే మీ స్క్రిప్టు దాన్ని అందుకోగలదు. బ్రస్కీ పని అంతకు ముందుది.

అపోహ: మనిషి మాట ఇక చెల్లదు.

ఆర్‌ఎఫ్‌సీ 7575 (2015) ప్రాధాన్య క్రమం స్పష్టంగా పెట్టింది. స్వయం నిర్వహణ డిఫాల్టులు అట్టడుగున, వాటిపైన నిర్వాహకుడు పైస్థాయిలో తెలిపే ఉద్దేశం, అన్నింటికంటే పైన కమాండ్ లైన్ వంటి సంప్రదాయ మార్గాల్లో ఇచ్చిన ఆదేశం. మన ఉద్యోగాల సంగతి ప్రమాణాల పరిధిలోకి రాదు గానీ, మన కమాండ్ మాత్రం వచ్చింది.

అపోహ: ఉద్దేశాన్ని వదిలేశారు కాబట్టి పని అసంపూర్ణం.

‘ఈ శాఖకు వీడియో కాల్ తెగకూడదు’ అని చెబితే నెట్‌వర్కే మిగతాది చూసుకోవాలి. అందరికీ నచ్చే కలే. కానీ ఆ వాక్యాన్ని ఏ భాషలో, ఎంత వివరంగా రాయాలన్నదానిపై ఏకాభిప్రాయం రానప్పుడు ప్రమాణం రాయడం తొందరపాటు. అందుకే అనిమా నమూనా పత్రం (ఆర్‌ఎఫ్‌సీ 8993) ఆ భాగాలను భవిష్యత్తుకు వదిలింది. ఉద్దేశానికి నిర్వచనాలు పరిశోధన విభాగమైన ఐఆర్‌టీఎఫ్ నుంచి 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9315గా వచ్చాయి. పరిశోధనగా ఉండాల్సింది పరిశోధనగా ఉంది.

అపోహ: ఇదంతా ఒకే సంస్థ పని.

కాదు. మొబైల్ రేడియో వైపు, మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ ఎల్‌టీఈ (4జీ) తొలి విడుదల నుంచే దీనిపై పనిచేసింది. యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ ఎట్సీకి ఇదే పనికి జడ్‌ఎస్‌ఎం అనే బృందం ఉంది. నెట్‌వర్క్ స్వయం నిర్వహణలో ఏ మెట్టు మీద ఉందో కొలిచే 0 నుంచి 5 స్థాయిలు టెలికాం కంపెనీల సంఘం టీఎం ఫోరమ్‌వి. కాబట్టి టెండరులో ‘స్వయం నిర్వహణ నెట్‌వర్క్ కావాలి’ అని మాత్రం రాయకండి. అలా రాస్తే ప్రతి విక్రేతా ఏదో ఒక పత్రం చూపించి అవునంటాడు. చేరికకు ఏ ఆర్‌ఎఫ్‌సీ, నిర్వహణ దారికి ఏది, వోచర్ సర్వరు ఎవరి చేతిలో ఉంటుంది, ఎన్నేళ్లు నడుపుతారు అని విడివిడిగా అడగండి.