కింది కయ్యలో చౌడు

చిరంజీవులు పిల్లలకు ఆశీస్సులు.

మన కింది కయ్యలో గెనెం పక్కన తెల్లగా పేరుకున్నది ఏమిటని అడిగారు కదా. అది చౌడు, అంటే నేల మీదికి తేలిన ఉప్పు. దాన్ని ఎవరూ తెచ్చి చల్లలేదు. మనం పారించిన నీళ్లే తెచ్చాయి.

అదెలాగో తెలియాలంటే ముందు నేల కింది రాయి గురించి చెప్పాలి. అనంతపురం నేల కింద ఎక్కువగా ఉన్నది గ్రానైటు. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల కరిగిన రాయి ఆ గ్రానైటు పగుళ్లలోకి ఎక్కి గడ్డకట్టింది. ఊరి బయట నల్లగుండ్లు వరసగా సాగే గుట్ట అదే. డోలరైట్ అంటారు. వజ్రకరూరు దగ్గర 110 కోట్ల ఏళ్ల కిందట లోతు నుంచి వజ్రాలను మోసుకుంటూ పైకి తన్నుకొచ్చిన కింబర్లైట్ అనే రాయి కూడా అగ్నిపర్వతాల జాతిదే. తొలకరికి జనం చేలల్లో వజ్రాలు వెతికేది అందుకే. కడప జిల్లా వేంపల్లె, పులివెందుల వైపయితే లావా పారి గట్టిపడిన బసాల్టు పొరలే ఉన్నాయి.

నల్లరాయి భూమి లోపల గోడలా నిలబడి, పైనుంచి వచ్చే ఊటను ఆపుతుంది. అందుకే గుట్టకు ఈ పక్క బావిలో నీళ్లుంటాయి, ఆ పక్క వేసిన బోరు ఎండిపోతుంది. మంచిదే, కానీ ఆగిన నీరు నేలపైకి మరీ దగ్గరగా వస్తే ఎండకు ఆవిరై ఉప్పును అక్కడే వదిలేస్తుంది. మన కింది కయ్య సరిగ్గా అలాంటి చోటే ఉంది.

ఒక లెక్క వేసి చూడండి. బోరు నీళ్లలో లీటరుకు ఒక గ్రాము ఉప్పు ఉందనుకోండి. ఎకరాకు ఒక్క అంగుళం మందం తడి పెడితే లక్ష లీటర్లు పైనే పారుతాయి. అంటే వంద కిలోల ఉప్పు, రెండు బస్తాలు! పది తడులకు టన్ను. మనకు ఏడాదికి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అంత ఉప్పును కడిగి కిందికి పంపడానికి ఆ వాన చాలదు. నల్లరేగడిలో నీరు దిగడమే కష్టం కాబట్టి అక్కడ ఇంకా కష్టం.

బోరు లోతుకు పోయేకొద్దీ రాతిలో చాలాకాలం నిలిచిన నీరు తగులుతుంది. చాలాచోట్ల దాంట్లో ఉప్పదనమూ ఫ్లోరైడూ ఎక్కువ. నీళ్లు అందలేదని ఇంకో వంద అడుగులు దించేవాళ్లను చూస్తే నాకు టెన్షన్.

ఈ సంగతి మన పెద్దలకు తెలియనిది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, 1369 నాటిది, చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు చెప్పింది. అందులో ఉప్పు నేల ఒకటి. నీళ్లు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం మరొకటి. మనం ఇప్పుడు చేస్తున్నది రెండోదే. ఉన్న ఊటకు మించి పంట పెడుతున్నాం.

ఇరవయ్యేళ్ల కిందట కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పల్లెల్లో రైతులే వాన కొలిచారు, బావుల్లో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఎంత నీరుందో దానికి తగ్గ పంటలు అనుకున్నారు. ఆ పద్ధతి అన్ని ఊళ్లకూ రావాలని నా కోరిక. వరి మడి ఒక్కటి తగ్గితే ఎన్ని శెనక్కాయ చేలు తడుస్తాయో!

చౌడు రెండు రకాలు. తెల్లచౌడుకు మంచి నీళ్లు నిలగట్టి, ఉప్పు కరిగి బయటికి పోయేలా కాలువ తీస్తే చాలు. కారుచౌడులో సోడియం మట్టిని పట్టుకుని వదలదు. దానికి జిప్సం వేయాలి, తర్వాతే నీళ్లు, కాలువ. జీలుగ చల్లి పూతకు రాగానే దున్నేస్తే నేల గుల్లబారుతుంది. కాలువ లేకుండా ఏం వేసినా ఉప్పు అక్కడే తిరుగుతుంది.

మన కయ్యది ఏ రకమో మీరే చూడొచ్చు. గాజు గ్లాసులో వాననీళ్లు పోసి, చెంచాడు మట్టి వేసి కలిపి, కదపకుండా పెట్టండి. మట్టి అడుక్కి దిగి నీళ్లు తేటపడితే ఎక్కువగా తెల్లచౌడే. మరునాటికీ బురదగానే ఉంటే కారుచౌడని అనుమానించాలి. రూఢిగా తెలియాలంటే భూసార పరీక్షకు పంపాల్సిందే. పై మట్టి, అడుగు లోతు మట్టి వేరువేరు సంచుల్లో కట్టి, ఏది ఎక్కడిదో రాసి పెట్టండి. వచ్చే వారం టౌనుకు పోయేటప్పుడు తీసుకుపోతాను.

ఇట్లు,
మీ తాత