జనుము కోత చూడటానికి వచ్చే ముందు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చినప్పుడు కోత మిషన్ చూడాలని రాశారు. రండి. దాళ్వా, అంటే రెండో పంట వరి, వేయని మన చేలో, సార్వా (వానాకాలపు) వరి కోతకు ముందే చల్లిన జనుము అప్పటికి పసుప్పచ్చగా పూతకొస్తుంది. మేతకు కోయాల్సిన అదను అదే. కాయ పట్టేదాకా ఆగితే కాడ ముదిరిపోతుంది. నార పంట కదా, ముదురు కాడను గేదె నమల్లేదు, మిషన్‌లోనూ నార చిక్కుకుంటుంది.

ఈ మిషన్‌కు, భుజానికి తగిలించుకుని గడ్డి కొట్టే బ్రష్ కట్టర్‌లా గిర్రున తిరిగే బ్లేడు ఉండదు. ముందువైపు నేలబారుగా పొడవాటి పట్టీ, దానికి వరసగా రివెట్లతో బిగించిన ముక్కోణపు బ్లేడులు ఉంటాయి. కింద కదలని ఇనుప వేళ్ళు. ఇంజను తిరుగుతుంటే పట్టీ ఆ వేళ్ళ మధ్య అటూ ఇటూ ఆడుతుంది. వేలికీ బ్లేడుకీ మధ్య చిక్కిన కాడ కత్తెరలో పడ్డట్టు తెగి, పొడవుకు పొడవు పక్కకు వాలుతుంది. బ్రష్ కట్టర్‌తో కొడితే ఆకు తునకలై బురదలో కలుస్తుంది, మనకు పుల్లలు మిగులుతాయి. జనుములో బలమంతా ఆకులోనే. అందుకే నా ఓటు దీనికే.

బ్లేడు మొద్దుబారినా, వేలికీ దానికీ మధ్య సందు పెరిగినా గడ్డి తెగదు, మడతపడి ఇరుక్కుంటుంది. మంచుకు తడిసినా అంతే. కాబట్టి తెల్లారకుండానే లేచి నన్ను తొందరపెట్టొద్దు, ఎండెక్కాకే కోత.

ఇక్కడ మాత్రం జాగ్రత్తగా వినండి. ఇరుక్కున్న గడ్డి తీయాలంటే ముందు ఇంజను ఆపాలి. ఆపాక కూడా చెయ్యి పెట్టకూడదు, పుల్లతోనే లాగాలి. బిగుసుకున్న పట్టీ గడ్డి వదలగానే ఒక్కసారిగా జరుగుతుంది, వేలు తెగడానికి అది చాలు. మిషన్ నడుస్తున్నంతసేపూ మీరు గట్టు మీదే, అదీ దానికి ఎదురుగా కాదు.

కోసింది చేలోనే ఆరబెడతాం. తిరగేయడం మాత్రం పొద్దున్నే, కాస్త చెమ్మ ఉండగానే చేయాలి. మిట్టమధ్యాహ్నం కదిపితే ఎండిన ఆకు రాలిపోతుంది. ఆకు ఆరిందని మోపు కట్టేయకూడదు, కాడ ఆలస్యంగా ఆరుతుంది. గోటితో గీరితే పొర ఊడి వచ్చిందా, ఇంకా పచ్చి ఉన్నట్టే. పచ్చి మీద మేటు వేస్తే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఈ గీరి చూసే పని మీకే అప్పగిస్తాను.

బూట్లు తెచ్చుకోండి. చెప్పులతో చేలోకి రానివ్వను.

ఇట్లు,
తాతయ్య