కృష్ణా రామా అనుకోవాల్సిన వయసేనా?

‘కృష్ణా రామా అనుకోవాల్సిన వయసులో ఇదేం బుద్ధి?’ విశాఖలో అరవై దాటిన దంపతుల సాన్నిహిత్యం గురించి కదిపితే ఇప్పటికీ ముందు వినిపించే మాట ఇదే. కానీ ఈ నీతి అందరికీ ఒకేలా ఎప్పుడూ వర్తించలేదు. 19వ శతాబ్దం చివర ఇదే విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన 1034 శుల్కం పెళ్లిళ్లతో (పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునేవి) విజయనగరం మహారాజు జాబితా రాయించారు. డబ్బు పోసి పసిపిల్లల్ని కట్టుకునే ముసలి వరులకు వానప్రస్థం గుర్తు రాలేదు. ఆ పిల్ల వితంతువైతే మాత్రం ఇరవై ఏళ్లకే కోరికలు చంపుకోవాలి. వితంతు వివాహాన్ని 1856లోనే చట్టం ఒప్పుకున్నా ఊరు ఒప్పుకోలేదు.

ఇప్పటి అడ్డంకులు వేరు. స్టీల్‌ప్లాంటులో రిటైరై ఉక్కునగరం క్వార్టర్ ఖాళీ చేసిన జంట కూర్మన్నపాలెంలోనో గాజువాకలోనో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు మారుతుంది. ఒక గది కొడుకూ కోడలిది. రెండోదాంట్లో మనవరాలిని పక్కన వేసుకుని నాయనమ్మ. తాతగారికి హాల్లో దివాన్. విడిగా పడుకోమని ఎవరూ చెప్పరు, పక్కలు వేసేటప్పుడే అది తేలిపోతుంది. షష్టిపూర్తికి మళ్లీ తాళి కట్టించి, ఫొటోలు దిగి, రాత్రికి ఆయన్ని హాల్లోకి పంపడం మనకే చెల్లింది!

వైద్యం కూడా ఈ విషయానికి ఆలస్యంగానే వచ్చింది. వృద్ధాప్యంలోనూ శృంగారం సాధ్యమేనని అమెరికన్ లైంగిక పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1966లో రాశారు. 1998లో వయాగ్రా వచ్చాక చర్చంతా మగవాళ్ల మాత్ర చుట్టూ తిరిగింది. మెనోపాజ్ తర్వాత యోని పొడిబారి నొప్పి పుట్టే ఆడవాళ్ల గోడు పక్కకు పోయింది, దానికి చికిత్స ఉన్నా సరే. 57–85 ఏళ్ల 3,005 మంది అమెరికన్లపై 2007లో వెలువడిన అధ్యయనంలో 65–74 ఏళ్లవారిలో 53 శాతం మంది శృంగార జీవితం గడుపుతున్నట్టు తేలింది. ఆరోగ్యం బాగాలేనివారిలో అది తక్కువ. యాభై దాటాక డాక్టరుతో ఈ విషయం మాట్లాడినవాళ్లు మగవాళ్లలో 38 శాతం, ఆడవాళ్లలో 22 శాతమే. అమెరికాలోనే అలా ఉంటే, కొడుకు పక్కన కూర్చుని షుగర్ మందులు రాయించుకునే మన పెద్దాయన నోరు విప్పుతాడా?

అదే 2007లో మన దేశంలో వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. పోషణ అంటే తిండి, బట్ట, నివాసం, వైద్యం అని రాసుకుంది. తోడు ఊసు లేదు. ఒంటరి వృద్ధులకు తోడు వెతికే ‘తోడు నీడ’ సంస్థ 2010లో హైదరాబాద్‌లో మొదలైంది. విశాఖలోనూ డెబ్బై ఏళ్ల తండ్రి మళ్లీ పెళ్లంటే పిల్లలు పైకి ఎత్తేది పరువు, లోపల పీకేది ఫ్లాట్ ఎవరి పేరున పోతుందోనన్న టెన్షన్. తల్లి అయితే ఆ మాటైనా ఎత్తలేదు.